ఉచిత శిక్షణ కోసం చేస్తున్న ఉద్యోగం వదులుకోవాలా?

మంగళగిరి నుంచి ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు కనుక విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను. ఆమె వయసు 29. జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చదివి, గుంటూరు కొత్తపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఆరేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నారు. జీతం 17,000 రూపాయలు. భర్త విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. పని బాగా ఉన్న నెలలో 22,000, లేని నెలలో 16,000 ఇంటికి తెస్తారు. ఎల్‌కేజీ చదివే పాప, షుగరు ఉన్న అత్తగారు, 7,000 అద్దె ఇల్లు. అత్తగారి కాలి ఆపరేషను కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 3 లక్షల అప్పు ఇంకా తీరలేదు, నెలనెలా 6,000 వడ్డీకే పోతోంది.

ఆమె ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి. ప్రభుత్వ సహకారంతో నడుస్తున్నదని చెప్పుకునే ఒక శిక్షణ కేంద్రం విజయవాడలో తొమ్మిది నెలల పాటు హాస్టల్లో ఉంచి, ఉచితంగా జర్మన్ భాష నేర్పి, జర్మనీ ఆసుపత్రుల్లో నర్సు ఉద్యోగానికి పంపుతామంటోంది. అందులో చేరాలంటే ఉద్యోగం మానాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పగించాలి, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వాలి, మధ్యలో మానినా పరీక్ష తప్పినా 2,50,000 చెల్లిస్తానని స్టాంపు కాగితం మీద రాసివ్వాలి. మరోవైపు ఒక ఏజెంటు 2,20,000 ఇస్తే 45 రోజుల్లో గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయమని, ముందు విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని చెబుతున్నాడు. అత్తగారు “పసిపిల్లను వదిలి పోతానంటావా” అని అన్నం మానేశారట. భర్త ఔననడు, కాదనడు. “ప్రభుత్వం పేరుంది కదా, నమ్మవచ్చా? రెండింటిలో ఏది మంచిదో చెప్పండి. ఈ నెలాఖరులోగా చేరకపోతే సీటు పోతుందంటున్నారు” అని ఆమె ముగించారు.

అమ్మా,

మీరు అడిగింది ఒక్క ప్రశ్నలా కనిపిస్తున్నా, అందులో కొన్ని వేర్వేరు ముడులు కలిసిపోయాయి. ఏ దేశం మేలన్నది ఒకటి, మీరు సంతకం పెట్టబోయే కాగితం ఎలాంటిదన్నది మరొకటి, మీ జీతం రాని తొమ్మిది నెలలూ ఇల్లెలా గడుస్తుందన్నది ఇంకొకటి. దేశాల గురించి పేజీలకు పేజీలు రాసిన మీరు ఇల్లు గడవడం గురించి మాత్రం “ఎలాగో సర్దుకుంటాం” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు గుచ్చుకున్నది ఆ ముక్కే.

ముందు ఏజెంటు సంగతి తేల్చేద్దాం, దానికి పెద్ద చర్చ అక్కర్లేదు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే వ్యాపారం చేయాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాంగ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. రిజిస్టరైన ఏజెంటు కూడా అభ్యర్థి నుంచి తీసుకోగలిగిన సేవా రుసుము 30,000 రూపాయలకు మించకూడదు. జీఎస్టీతో కలిపి అది 35,400 అవుతుంది, దానికి రశీదు ఇవ్వాలి. ఇక నర్సుల విషయంలో 2015 నుంచి మరో కట్టుబాటు ఉంది. పదో తరగతి పాసైనవారికి మామూలుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే విదేశీ ఉద్యోగానికి వెళ్లేందుకు ప్రభుత్వ అనుమతి, అవసరం ఉండదు. కానీ నర్సు ఉద్యోగానికి గల్ఫ్ దేశాలు సహా ప్రభుత్వ జాబితాలోని 18 దేశాల్లో దేనికి వెళ్లినా, పదో తరగతి పాసైనా సరే, ఆ క్లియరెన్స్ తీసుకోవలసిందే. దాని కోసం ఏ ఆసుపత్రి, ఎంత జీతం, ఏ షరతులు అన్నవన్నీ విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదు కావాలి. విజిట్ వీసా అనే మాట ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. చూపించడానికి కాంట్రాక్టు లేనివాడే ఆ దారి చెబుతాడు. అక్కడ దిగాక మీ చేతిలో ఉండేది చూడటానికి వచ్చినవారి వీసా, ఇక్కడ ఇంటి దగ్గర ఉండేది కొత్త అప్పు. 2,20,000కు మీరు ఇప్పుడు కడుతున్న వడ్డీయే వేసుకున్నా నెలకు 4,400, పాతదానితో కలిపి 10,400 అవుతుంది. అతనికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, పాస్‌పోర్టు చేతికివ్వకండి. అతని సంస్థ పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో మీరే చూడవచ్చు, లేదా విదేశాంగ శాఖ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోన్ చేసి అడగవచ్చు.

అయితే ఏజెంటు మంచివాడు కాకపోయినంత మాత్రాన గల్ఫ్ చెడ్డది కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక ప్రభుత్వం పేరు. ఫ్లెక్సీ మీద రాజముద్ర ఉంటే మనం అంతా ఒకటే అనుకుంటాం. నిజానికి ఇలాంటి పథకంలో శిక్షణకు డబ్బు ఇచ్చేవారు ఒకరు, పాఠం చెప్పేవారు ఒకరు, ఉద్యోగానికి పంపేవారు ఒకరు, జీతం ఇచ్చే ఆసుపత్రి మరొకరు. ప్రభుత్వం ఇందులో ఏ పాత్రలో ఉందన్నదే మీరు తెలుసుకోవలసింది. ఫీజు మాత్రమే ప్రభుత్వం కడుతోందా, లేక ఉద్యోగానికి పంపే బాధ్యత కూడా ప్రభుత్వ సంస్థదేనా? ఆంధ్రప్రదేశ్‌లో విదేశీ ఉద్యోగాలకు పంపడానికి రిజిస్టరైన ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్, అంటే ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్ లిమిటెడ్. శిక్షణ వ్యవహారాలు రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ చూస్తుంది. ప్రవాసాంధ్రుల బాగోగులకు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. ఈ కార్యాలయాలుండే తాడేపల్లికి మీ మంగళగిరి నుంచి పావుగంట ప్రయాణం. సెలవు రోజు కాకుండా ఒక పనిదినాన వెళ్లి, ఫలానా కేంద్రంలో జర్మన్ భాష నర్సుల బ్యాచి మీ పథకంలోదేనా, పంపే సంస్థ ఎవరు అని అడగండి. ఫోన్లో వచ్చే జవాబు కన్నా కాగితం మీద వచ్చే జవాబు మేలు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. నేను చెప్పిన 18 దేశాల జాబితాలో జర్మనీ లేదు. అంటే గల్ఫ్‌కు వెళ్లే నర్సు కాంట్రాక్టును మన ప్రభుత్వం విమానం ఎక్కక ముందే ఒకసారి చూస్తుంది, జర్మనీకి వెళ్లే నర్సు కాంట్రాక్టును అలా చూడదు. జీతం, పని షరతులు జర్మనీ అధికారులు వీసా ఇచ్చేటప్పుడు పరిశీలిస్తారు, అది కొంత రక్షణే. కానీ ఇక్కడి కేంద్రానికి, మీకు మధ్య జరిగే ఒప్పందం వారి కంటపడదు. మన ఎమిగ్రేషన్ చట్టం తాపీమేస్త్రీలు, ఇంటి పనివారు గల్ఫ్‌కు వెళ్తున్న రోజుల్లో చేసినది. దాని స్థానంలో కొత్త చట్టానికి 2025 అక్టోబరులో ముసాయిదా విడుదల చేసి అభిప్రాయాలు అడిగారు. ప్రస్తుతానికి మీ కాగితాన్ని మీరే కాచుకోవాలి.

జర్మనీలో నర్సుల అవసరం మాత్రం కల్పితం కాదు. 2022 డిసెంబరులో రెండు దేశాల మధ్య వలసల ఒప్పందం కుదిరింది. 2024 అక్టోబరులో భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాల పరిమితిని 20,000 నుంచి 90,000కు పెంచుతున్నట్టు జర్మనీ ప్రకటించింది. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్ 2021 నుంచి జర్మనీ ప్రభుత్వ సంస్థలతో కలిసి ‘ట్రిపుల్ విన్’ పేరిట నర్సులను పంపుతోంది. ఆ పద్ధతిలో భాష నేర్పే ఖర్చు, ఉద్యోగంలో పెట్టే ఖర్చు నర్సు మీద పడవు, అక్కడి యాజమాన్యం భరిస్తుంది. మీ కేంద్రం వారి షరతులను దీని పక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఆ తేడా అంతా మీరు రాసిన ఆ స్టాంపు కాగితంలో ఉంది. “మధ్యలో మానినా పరీక్ష తప్పినా” అన్న మాటను రెండుగా విడదీయండి. చేరి, నేర్చుకుని, మరో సంస్థకు వెళ్లిపోయే వారి నుంచి ఖర్చు రాబట్టుకోవాలనుకోవడంలో కొంత న్యాయం ఉంది. కష్టపడి చదివినా పరీక్ష తప్పినవారి నుంచి జరిమానా అడగడంలో ఏ న్యాయమూ లేదు, అది శిక్షణలోని నష్టభయాన్ని మొత్తం మీ నెత్తిన పెట్టడం. అసలు ఆ కాగితంలో లేనిదేమిటో గమనించారా? మీరు పాసై, ఆరు నెలలు గడిచినా వారు ఉద్యోగం చూపలేకపోతే వారు మీకేమిస్తారన్నది ఎక్కడా లేదు. చట్టం సంగతికి వస్తే, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారమే, రాసుకున్న అంకె మొత్తం దానంతటదే రాదు. అందువల్ల ఆ బాండు కన్నా నాకు భయం ఖాళీ చెక్కుతోనే. బాండు సివిల్ వ్యవహారం. చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెడతారు. చివరికి మీరే గెలిచినా కోర్టు వాయిదాలకు తిరిగేది మీరే, ఆ తిరిగే రోజుల్లో వీసా కోసం పోలీసు వెరిఫికేషను కావాలంటే ఇబ్బంది పడేదీ మీరే. ఖాళీ చెక్కు ఇవ్వనని చెప్పండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, నకళ్లు అటెస్ట్ చేయించి ఇవ్వండి, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చుకోండి. పాస్‌పోర్టయితే చట్టం ప్రకారం భారత ప్రభుత్వ ఆస్తి, దాన్ని తన బీరువాలో పెట్టుకునే హక్కు ఏ కేంద్రానికీ లేదు.

ఇక లెక్క. నా మాట కటువుగా అనిపించవచ్చు కానీ, ప్రభుత్వ విధానాలు శిక్షణను ఎప్పుడూ ఫీజుతోనే కొలుస్తాయి. ఎంతమందికి ఉచితంగా నేర్పాం, ఎంతమందికి సర్టిఫికెట్ ఇచ్చాం, ఎంతమందిని పంపాం అని రాసుకుంటాయి. నేర్చుకునేటప్పుడు ఆగిపోయిన జీతానికి ఆ పట్టికలో గడి ఉండదు. చదువు ముగించి, పెళ్లి కాక, అమ్మానాన్నల నీడన ఉన్న 22 ఏళ్ల అమ్మాయిని దృష్టిలో పెట్టుకుని రాసిన పథకం ఇది, మీలాంటి ఇల్లాలిని తలుచుకుని రాసింది కాదు. కాబట్టి ఆ గడి మీరే గీసుకోవాలి. 17,000 చొప్పున తొమ్మిది నెలలకు 1,53,000. మీ వారి సంపాదన సగటున 19,000 అనుకుంటే, అద్దె 7,000, వడ్డీ 6,000 పోగా 6,000 మిగులుతుంది. ఆ ఆరు వేలలో తిండి, పాప స్కూలు ఫీజు, అత్తగారి మందులు, హాస్టల్లో మీ చేతి ఖర్చు వెళ్లాలి. వెళ్లవు. అంటే ఉచిత శిక్షణ కోసం మీరు సుమారు లక్ష అప్పు చేయవలసి వస్తుంది. ఆ అప్పు చేయవద్దని నేననను. తెలిసి చేయమంటాను.

తిరిగి వచ్చే రాబడి ఎంతో కూడా చూద్దాం. కేరళ వారి ప్రకటనల్లో మొదట నెలకు 2,300 యూరోలు, నర్సుగా పూర్తి గుర్తింపు వచ్చాక 2,800 యూరోల పరిసరాల్లో చూపించారు. అది కోతలకు ముందు అంకె. పన్ను, ఆరోగ్య బీమా, పింఛను పోగా చేతికి సుమారు 70 శాతం వస్తుంది, అందులోంచి అద్దె కట్టాలి. అయినా మీ అప్పు ఏడాదిన్నర, రెండేళ్లలో తీరే మాటే. అయితే “గుర్తింపు వచ్చాక” అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. మన జీఎన్‌ఎం చదువును వారి నర్సింగ్ చదువుతో పోల్చి, ఏ భాగం తక్కువైందో రాసిస్తారు. ఆ లోటును అక్కడి ఆసుపత్రిలో శిక్షణతోనో పరీక్షతోనో పూడ్చుకోవాలి, భాషలో బి2 స్థాయి (ఎ1, ఎ2, బి1 తర్వాతి మెట్టు) కూడా రావాలి. ఏడాది పట్టవచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంతవరకు మీ హోదా సహాయకురాలిదే. ఇంకో సంగతి, ఐసీయూలో ఆరేళ్లు చేసిన మీకు ఇది ముందే తెలియాలి. గుంటూరులో రోగి ఒళ్లు తుడవడం, తినిపించడం, డయాపరు మార్చడం ఆయా చేస్తుంది, లేదా పక్కనున్న బంధువు చేస్తారు. అక్కడ అది నర్సు పని, గుర్తింపు వచ్చిన నర్సుకు కూడా. వెంటిలేటరు చూసుకున్న తనను ఇక్కడికి తెచ్చి స్నానాలు చేయిస్తున్నారేమిటని మొదటి నెలల్లో కుమిలిపోయేవారున్నారు. పనిలో అవమానం లేదు, ఆశించినదానికి, ఉన్నదానికి తేడా వల్లే ఆ బాధ.

తొమ్మిది నెలల్లో భాష వస్తుందా అని అడిగారు. వెళ్లేముందు మామూలుగా అడిగేది బి1 స్థాయి. ఆ స్థాయికి 45 నిమిషాల పీరియడ్లు 350 నుంచి 650 వరకు కావాలని జర్మన్ భాష నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్ వారి అంచనా, కాబట్టి రోజంతా హాస్టల్లో కూర్చుని చదివేవారికి తొమ్మిది నెలలు చాలినంత సమయమే. పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలుంటాయి. ఒక్కోదానిలో నూటికి 60 రావాలి, తప్పిన భాగం ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. మాట్లాడే భాగంలో ఎదురుగా మరో అభ్యర్థిని కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసి ఏదో ఒక కార్యక్రమానికి ఏర్పాట్లు మాట్లాడుకోమంటారు. మనవాళ్లు చాలామంది బట్టీ పట్టిన వాక్యాలు ఒప్పజెప్పి, అవతలి మనిషి అడిగినదానికి నోరు పెగలక ఆగిపోయేది అక్కడే. చేరేముందు ఆ కేంద్రంలో పాత బ్యాచి వారితో ఒక పూట మాట్లాడండి. ఎంతమంది చేరారు, ఎంతమంది బి1 పాసయ్యారు, ఎంతమంది విమానం ఎక్కారు అని వారినే అడగండి. కేంద్రం వారు చూపించే ఫోటోల్లో విమానాశ్రయానికి వెళ్లినవారే ఉంటారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఖాళీ చెక్కు, ఒరిజినల్స్ లేకుండా, పరీక్ష తప్పితే జరిమానా లేదన్న మార్పుతో కేంద్రం ఒప్పుకుని, పంపే సంస్థ ఎవరో తాడేపల్లిలో రుజువైతే, ఇప్పుడే చేరవచ్చు. అలా చేరితే త్వరగా వెళతారు, కానీ ఇంట్లో నెలకు పది పన్నెండు వేల లోటుతో తొమ్మిది నెలలు నడపాలి. దానికి రెండు రూపాయల వడ్డీ అప్పు కాకుండా డ్వాక్రా సంఘం ద్వారా బ్యాంకు రుణం వస్తుందేమో ముందు చూడండి. వీలైతే ఆ పాత 3 లక్షల్లో కొంత భాగాన్నయినా బంగారం మీద తక్కువ వడ్డీకి మార్చండి. మీ ఆసుపత్రిలో రాజీనామాకు బదులు జీతం లేని సెలవు అడగండి. ఆరేళ్ల ఐసీయూ నర్సును వదులుకోవడం వారికీ సులువు కాదు.

రెండోది, ఉద్యోగం మానకుండా ఎ1, ఎ2 స్థాయిలు ఆన్‌లైన్ తరగతుల్లో పూర్తి చేసి, తర్వాతి బ్యాచిలోనో వేరే కార్యక్రమంలోనో చేరడం. జీతం ఆగదు, ఈ భాష మీకు పట్టుబడుతుందా లేదా అన్నది పెద్ద నష్టం లేకుండా తెలుస్తుంది, హాస్టల్లో ఉండవలసిన కాలం దాదాపు సగానికి తగ్గుతుంది. దీని కష్టం దీనికుంది. నైట్ డ్యూటీ దిగి బస్సులో మంగళగిరి చేరి, పాపను స్కూలుకు పంపి, ఆ పైన పుస్తకం ముందు కూర్చోవాలి. ఇలా మొదలుపెట్టి ఎ1 దగ్గరే వదిలేసేవారు చాలామంది. పైగా ప్రభుత్వ పథకాలు ఏటా ఒకేలా ఉండవు, తర్వాతి బ్యాచికి ఈ ఉచితం ఉంటుందన్న హామీ లేదు. నన్నడిగితే మీ ఇంటి లెక్కకు ఇదే దగ్గరగా ఉంది, కానీ చదివే ఓపిక ఎంతుందో మీకే తెలుసు.

గల్ఫ్‌కు సక్రమమైన దారి కూడా ఉంది. ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారా, సర్టిఫికెట్ల నిజానిజాలు తేల్చే డేటాఫ్లో పరిశీలన, నర్సు లైసెన్సు కోసం రాసే ప్రోమెట్రిక్ పరీక్ష, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అన్నీ పూర్తిచేసుకుని వెళ్లడం. కొత్త భాష కోసం నెలల తరబడి ఉద్యోగం మానక్కర్లేదు, జీతం మీద ఆదాయపు పన్ను ఉండదు, వసతి చాలాచోట్ల యాజమాన్యమే ఇస్తుంది. అయితే చాలా ప్రకటనలు బీఎస్సీ నర్సింగే అడుగుతాయి, జీఎన్‌ఎం వారికి ఎంపిక తక్కువ. కాంట్రాక్టు మామూలుగా రెండేళ్లు, కుటుంబాన్ని తీసుకెళ్లడం జీతాన్ని బట్టి ఉంటుంది, అక్కడే స్థిరపడే మార్గం దాదాపు లేదు. అప్పు తీర్చి తిరిగి రావడమే మీ లక్ష్యమైతే ఇది చిన్నచూపు చూడవలసిన దారి కాదు. పాపను అక్కడ పెంచుకోవాలన్న ఆలోచన ఉంటే మాత్రం జర్మనీ వేరు. అక్కడ సరిపడా ఆదాయం, ఇల్లు చూపిస్తే భర్తను, బిడ్డను పిలిపించుకోవచ్చు, అలా వచ్చిన భర్తకు పనిచేసే హక్కు ఉంటుంది. పూర్తి గుర్తింపు రాకముందు అది అంత సులువు కాదు కనుక శిక్షణ తొమ్మిది నెలలకు తోడు మరో ఏడాదిన్నర, రెండేళ్ల ఎడబాటు లెక్కలో వేసుకోండి. జపాన్ గురించి కూడా ఒక వాక్యం రాశారు. మీరు చూసిన ఆ స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా వృద్ధుల సంరక్షణ పనికి, నర్సు ఉద్యోగానికి కాదు. మొదటి దశలో అయిదేళ్ల వరకు ఉండవచ్చు కానీ కుటుంబాన్ని తీసుకెళ్లనివ్వరు. మీకు అది సరిపడదు.

మీ వారి మౌనాన్ని మీరు అయిష్టం అనుకుంటున్నారు. కావచ్చు. కానీ ఇంతవరకు ఆయన్ని మీరు అడిగింది “నేను వెళ్లనా, వద్దా” అని. ఆ ప్రశ్నకు ఔనంటే తల్లికి కోపం, కాదంటే మీకు కోపం. దానికి బదులు పైన వేసిన లెక్క కాగితం మీద రాసి ముందు పెట్టండి. ఈ లోటు ఎలా పూడుస్తాం, పాపకు జ్వరమొస్తే ఎవరు సెలవు పెడతారు, అత్తగారి ఇన్సులిన్ ఎవరు చూస్తారు అని అడగండి. వెల్డరుకు జర్మనీలో పనికి కొదవ లేదు, భాష వస్తే. ఎ1 పుస్తకం ఇద్దరూ కలిసి తెరిస్తే ఈ ప్రయాణం మీ ఒక్కరిదే అన్న మాట ఇంట్లో తగ్గుతుంది.

అత్తగారి విషయంలో, ఆమె తప్పు మాట్లాడుతున్నారని నేననుకోను. ఆపరేషనైన కాలితో నాలుగున్నరేళ్ల పిల్ల వెంట రోజంతా తిరగవలసింది ఆమె. “పసిపిల్లను వదిలి” అన్న మాట వెనుక “నావల్ల కాదు” అన్నది ఉందేమో కనుక్కోండి. ఉంటే, మీ అమ్మగారు కొన్నాళ్లు వచ్చి ఉండటమో, సాయంత్రం నాలుగింటి నుంచి మీ వారు వచ్చేదాకా పాపను చూసే మనిషిని పెట్టడమో ఆలోచించాలి. ఆ జీతం కూడా లెక్కలో వేయాలి.

ఇక నెలాఖరు గడువు. ఒక వారం ఆగితే పోయే సీటు కోసం రెండున్నర లక్షల బాండు మీద సంతకం పెట్టకండి. ముందు తాడేపల్లి వెళ్లి రండి. తర్వాత కేంద్రానికి వెళ్లి, పరీక్ష తప్పితే జరిమానా ఉండదని, ఫలానా గడువులోగా ఉద్యోగం చూపకపోతే ఒప్పందం రద్దవుతుందని ఆ కాగితంలో చేర్చమని అడగండి. నోటితో “అదంతా మేం చూసుకుంటాంలే అమ్మా” అంటే చాలదు. వారు రాసిస్తే ఆ కాగితం నకలు పేర్లు కొట్టేసి నాకు పంపండి, మరోసారి చూస్తాను. రాసివ్వం పొమ్మంటే, ఎ1 తరగతి వెతుక్కోండి.